మార్జరీకి లేని కొడుకు

మీ వంశం గొప్పదని ఎవరైనా వచ్చి చెబితే మీకు ముందు కలిగేది సంతోషమా, అనుమానమా? తొందరపడకండి, జవాబు నాకు చెప్పనక్కర్లేదు, మీలో మీరు నిజం ఒప్పుకుంటే చాలు. నా ఈడు వాళ్ళను చాలామందిని గమనించాను కనుక అడుగుతున్నాను; ముందు ఛాతీ పొంగుతుంది, ఆ తర్వాత కళ్ళజోడు సర్దుకుని పటం దగ్గరకు వెళ్ళి తమ పేరు ఎక్కడుందో వెతుక్కుంటారు, అనుమానం వంతు వచ్చేసరికి భోజనాలకు పిలుపు వస్తుంది.

పోయిన నెల హైదరాబాదులో మా వియ్యపురాలి అన్నగారి షష్టిపూర్తికి వెళ్ళినప్పుడు కూడా అదే జరిగింది. వేదిక వెనకాల గోడంత పటం కట్టారు. వంశవృక్షమట, కంప్యూటరు మీద ఇలాంటివి తయారుచేసి ఇచ్చే కంపెనీ ఏదో ఉందట, వేళ్ళ దగ్గర కాకతీయుల దండనాయకుడొకడు గుర్రం మీద కూర్చుని ఉన్నాడు, చిటారుకొమ్మన అమెరికన్ స్కూలు యూనిఫారం వేసుకున్న మనవళ్ళున్నారు. కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. నేను పటం చివరిదాకా చదివి, పక్కనున్న వియ్యపురాలిని మెల్లగానే అడిగాను, “మధ్యలో పది తరాలపాటు మీ ఇంట్లో ఒక్క ఆడపిల్లా పుట్టలేదా వదినగారూ?” అని. ఆవిడ నవ్వు చెదరకుండానే నా మోచెయ్యి గిల్లి, “భోజనాలయ్యాక అడుగుదురుగాని” అన్నది. వరసలో అవతలి చివర కూర్చున్న మా అమ్మాయి నా వైపు చూసిన చూపుకు అర్థం నాకు తెలుసు. అమ్మా, మళ్ళీ మొదలుపెట్టావా, అని.

అవును, మొదలుపెట్టాను. ఈ జబ్బు నాకు పుట్టింట్లోనే అంటుకుంది. మా అమ్మ తండ్రి పల్నాటి ఊళ్ళలో ఆసాముల వంశాలు చెప్పే వృత్తివాడు. కోతలయ్యాక ఇల్లిల్లూ తిరిగి, అరుగు మీద కూర్చుని, ఆ ఇంటివాళ్ళ గోత్రమూ మూలపురుషుడూ తాతముత్తాతల దాతృత్వమూ రాగం తీసి చెబితే, తూము గింజలో పాత పంచో పెట్టేవాళ్ళు. మా నాన్న ఆ వృత్తి వదిలి బడిపంతులై, సంస్కరణ సభల్లో పండితులను నిలబెట్టి ప్రశ్నలడిగి, ఆఖరికి ఊళ్ళో సగం మందికి విరోధి అయినవాడు. మామా అల్లుళ్ళిద్దరూ మా ఇంటి వసారాలో కూర్చుంటే ఇక వాదమే. ఎందుకు మామా ఈ అబద్ధాలు అని మా నాన్న అంటే, మా తాత తమలపాకు ఈనె తీస్తూ, “నేనెక్కడ అబద్ధం చెప్పాను అల్లుడూ, వాళ్ళకు కావలసిన నిజం చెప్పాను” అనేవాడు.

ఆయనే ఒకసారి ఆ వృత్తిలోని కిటుకు బయటపెట్టాడు. కొత్తగా కలిసొచ్చిన ఆసామి ఎవడైనా తనను పాత పెద్దింటి వంశానికి అతకమని అడిగితే ఎక్కడ అతకాలి? కొడుకులున్న చోట అతికితే వాళ్ళ మనవలు లేచి కర్ర పట్టుకుంటారు. అందుకని ఆ పెద్దింట్లో బిడ్డల్లేకుండా పోయిన ఇల్లాలిని చూసుకుని, ఆమె ఒడిలో ఒక కొడుకును పెట్టి, పెట్టిన వెంటనే వాణ్ణి దూరదేశం పంపించెయ్యాలి. ఆమె తరఫున కాదని లేచేవాళ్ళు ఉండరు, పోయినవాడు ఎక్కడ స్థిరపడ్డాడో అడిగేవాళ్ళు ఉండరు, నీ ఆసామి వాడి మునిమనవడు. ఇది విని మా నాన్న అన్నం మానేశాడు గాని నేను మాత్రం మర్చిపోలేదు.

ఇప్పుడు మిమ్మల్ని సౌదీకి తీసుకెళ్ళాలి. మా ఆయన అల్ ఖోబర్‌లో ఒక ఇంజనీరింగ్ కాంట్రాక్టు కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్, పైపులైన్ల నక్షాలు గీసే పని. నేను ఎం.ఏ. చరిత్ర చదివినదాన్ని గనుక అక్కడి ఇండియన్ స్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. ఊరి పక్కనే తుక్బా అనే పేటలో మన వాళ్ళూ మలయాళీలూ పాకిస్తానీలూ కలిసి ఉండే ఒక బిల్డింగ్‌లో మూడో అంతస్తులో చాలా ఏళ్ళు ఉన్నాం. సముద్రం దగ్గరే అయినా గాలి రాదు, ఉక్కపోస్తుంది. పండగైనా పుట్టినరోజైనా ఒకళ్ళ బిర్యానీ డేక్షా ఇంకొకళ్ళ ఇంటికి వెళ్ళేది.

అలాంటి బిల్డింగ్‌లో అనుమానం ఎలా ప్రవేశించిందో అక్కడ ఉన్నవాళ్ళకే తెలుసు. ముందు నితాకాత్ వచ్చింది. ఏ కంపెనీలో సౌదీలు ఎంతమంది, మనలాంటి పరాయివాళ్ళు ఎంతమంది అని లెక్కగట్టి కంపెనీలకు రంగులు వేశారు. పచ్చరంగు అయితే క్షేమం, పసుపయితే ఇకామాలకు, అంటే అక్కడ ఉండనిచ్చే పర్మిట్లకు, ఇబ్బంది, ఎరుపయితే మూటలు కట్టుకోవడమే. దాని తర్వాత లెవీలు వచ్చాయి. పనివాడి మీద ఒకటి, వాడి భార్యాబిడ్డల మీద తలకింత అని ఇంకొకటి, అదీ ఏటేటా పెరిగేట్టు. స్కూల్లో ఒక్కొక్క సెక్షన్ ఖాళీ అవుతూ వచ్చింది. మెట్ల కింద అట్టపెట్టెలు, గోడ మీద “ఫ్యామిలీ గోయింగ్, సోఫా ఫర్ సేల్” అన్న కాగితాలు. తమ దేశంలో తమ పిల్లలకు పనులు కావాలని వాళ్ళు అనుకోవడంలో తప్పు పట్టను, ఆ మాట మనమూ అంటాం. కాని మనిషి చేసే పని చూడకుండా పుట్టిన చోటు చూసి రంగు వేయడం నాకు కొత్తగా ఏమీ అనిపించలేదని మాత్రం చెబుతాను. మన ఊళ్ళలో ఆ పని ప్రభుత్వం చేయనక్కర్లేదు, పక్కింటివాళ్ళే చేస్తారు.

మా ఆయన కంపెనీ పసుపులో పడింది. జనవరి తర్వాత కొందరి ఇకామాలే రెన్యూ చేస్తారని, ఆ కొందరు ఎవరో మేనేజరు నిర్ణయిస్తాడని తెలిసింది. మా అమ్మాయికి అది పన్నెండో తరగతి, పరీక్షలు మార్చిలో. అక్కడ ఇకామా లేకపోతే తండ్రే ఉండడు, తండ్రి లేకపోతే బిడ్డ ఉండదు. ఏడాది మధ్యలో తీసుకొచ్చి ఇక్కడ ఏ బడిలో వేసినా బోర్డు పరీక్షకు కూర్చోనివ్వరు. మాకు అప్పుడు కావలసింది ఒక్కటే, ఆ పిల్ల మార్చి నెల అక్కడ గడపడం. టీ వేళకు కలిసి బయటికొచ్చే మగవాళ్ళు విడివిడిగా రావడం మొదలైంది. ఎవరి ఇంటికి ఎవరు వెళ్ళినా, ఎందుకు వెళ్ళారు అని ఇంకో తలుపు సందులోంచి కళ్ళు చూసేవి.

సరిగ్గా ఆ రోజుల్లో మేనేజరు భార్య నన్ను రమ్మన్నదని మా ఆయన చెప్పాడు. ఇంగ్లీషావిడ, మమ్మల్ని ఏడాదికోసారి కంపెనీ విందులో చూసి తల ఊపడమే గాని పేరు కూడా తెలిసి ఉండదు. ఎందుకట అంటే చరిత్ర చదివిన మనిషి కావాలట. నాకు వెంటనే అనిపించింది, ఊళ్ళో చరిత్ర చదివినవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళందరిలో, మా ఆయన ఇకామా తన భర్త చేతిలో ఉండగా, నన్నే ఎందుకు ఎంచుకుంది? ఆ అనుమానంతోనే కంపెనీ కారెక్కాను. తెల్లవాళ్ళ ఇళ్ళున్న ఆ కాంపౌండ్ గేటు దగ్గర బుర్ఖా తీసి మడత పెట్టుకుని లోపలికి నడిస్తే పచ్చగడ్డీ, ఈతకొలనూ, సైకిళ్ళ మీద పిల్లలూ, వేరే దేశంలా ఉండేది.

ఆవిడ హాల్లో గోడకు ఒక పెద్ద నల్లటి పటం ఉంది. ఇంగ్లండులో ఒక పల్లెటూరి చర్చిలో నేలరాతికి బిగించిన ఇత్తడి రేకు మీద కాగితం పరిచి మైనంతో రుద్ది తీసిన అచ్చు అది. చేతులు జోడించి మోకాళ్ళ మీద కూర్చున్న భర్త, ఎదురుగా తల మీద గుడ్డ కప్పుకున్న భార్య, కింద రెండు పంక్తుల అక్షరాలు. ఆ భార్య పేరు మార్జరీ. ట్యూడర్ రాజుల కాలం నాటి, నాలుగైదు వందల ఏళ్ళ కిందటి జెంటిల్ ఉమన్, అంటే జమీందారు కాదు గాని పెద్దింటి మనిషి. మేనేజరు భార్య ఆ మార్జరీ తన ఆదిమాత అని, పద్నాలుగు తరాల వెనక ఆమె కొడుకు నుంచి తాము దిగివచ్చామని చెప్పింది. డబ్బు తీసుకుని వంశాలు వెతికిపెట్టేవాళ్ళెవరో వాళ్ళ దేశంలో ఈ సంగతి తేల్చారట. క్రిస్మస్‌కు వాళ్ళ బంధువర్గమంతా కలుసుకుంటుంది, అప్పటికి మార్జరీ జీవితాన్ని చిన్న పుస్తకంగా వేయించి పంచాలి, తనకు కళ్ళు సరిగా ఆనడం లేదు, ఆ కాలం గురించి తెలిసినవాళ్ళు చదివి, రాసి, ఆఖరి పుటలో పరిశీలించినట్టు పేరు పెట్టాలి.

మీరు నమ్మండి, ఆ పని నాకు బాగా నచ్చింది. బడి అయ్యాక సాయంత్రాలు వెళ్ళి, ఆవిడ కంప్యూటరు ముందు కూర్చుని, అప్పటి ఇళ్ళ గురించీ ఆడవాళ్ళ గురించీ చదివి నోట్సు రాసేదాన్ని. ఆ కాలం పెద్దింటి ఇల్లాలు అంటే మనం అనుకున్నట్టు కూర్చుని తినేది కాదు. పాలు విరిచి జున్ను కట్టించేది, మూలికల కషాయాలు కాచేది, పంది మాంసం ఉప్పులో ఊరబెట్టించేది, భర్త కోర్టుకు లండను పోతే కౌలుదార్లతో తనే మాట్లాడేది. ఇంకో ఆచారం నన్ను చాలాసేపు ఆపింది. వాళ్ళు తమ ఆడపిల్లలను పదీ పన్నెండేళ్ళకే తమకన్నా పెద్ద ఇంటికి పంపేవాళ్ళు, అక్కడ ఆ ఇంటి అమ్మగారి దుస్తులు మడతపెట్టి, వెనకాల నడిచి, మర్యాద నేర్చుకోవాలని. మార్జరీ కూడా అలా పెరిగినదేనని కాగితాల్లో ఉంది. నేను ఆ సంగతి రాసి, మా కడప నుంచీ గోదావరి నుంచీ వచ్చి సౌదీ ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు గుర్తొచ్చారని ఆవిడతో అన్నాను. ఆవిడ, అది వేరు, మార్జరీ పనిమనిషి కాదు, అన్నది. ఆ వాక్యం పుస్తకంలో వద్దన్నది. గౌరవం ఉన్న చాకిరీకి ఒక పేరు, లేని చాకిరీకి ఒక పేరు. అన్ని దేశాల పెద్దిళ్ళూ ఈ ఒక్క వ్యాకరణం బాగా నేర్చుకున్నాయి.

ఇక వంశవృక్షం దగ్గరకు వచ్చాను. మార్జరీకి పైనా పక్కనా అంతా నిజమైన కుటుంబంలాగే ఉంది. అన్నదమ్ముల తగాదాలు, ఏడాది తిరక్కుండా పోయిన పసికందులు, రెండో పెళ్ళిళ్ళు, ఒకే పేరు ముగ్గురికి. మార్జరీ కింద మాత్రం ఒకే ఒక గీత, ఒకే కొడుకు. అక్క లేదు, తమ్ముడు లేడు, పురిట్లో పోయిన బిడ్డ లేదు, పుట్టడమూ లండనుకు వెళ్ళిపోవడమూ తప్ప వాడికి ఊళ్ళో ఏ పనీ లేదు. నాకు ఒక్కసారిగా మా తాత గొంతు వినపడినట్టయింది. కొడుకును ఒడిలో పెట్టు, దూరదేశం పంపెయ్.

లేచి వెళ్ళి గోడ మీది అచ్చును మళ్ళీ చూశాను. ఆ కాలపు ఇత్తడి రేకుల బొమ్మలు అప్పటికే ఆవిడ కంప్యూటరులో ఎన్నో చూసి ఉన్నాను. వాటిలో తండ్రి వెనక కొడుకులను, తల్లి వెనక కూతుళ్ళను వరసగా నిలబెడతారు, పొత్తిళ్ళలో పోయిన బిడ్డను కూడా చిన్న మూటలా చెక్కి వదులుతారు, బిడ్డలే వాళ్ళకు ప్రతిష్ఠ. మార్జరీ వెనకాల ఎవరూ లేరు. భర్త వెనకాలా ఎవరూ లేరు. ఏ సాక్ష్యం ఆ కొడుకును కాదంటున్నదో దాన్నే ఆవిడ అద్దం కట్టించి హాల్లో తగిలించుకుంది.

మెల్లగా అడిగాను. పిల్లల బొమ్మలున్న రేకు ఊడిపోయి ఉంటుందని వంశాలవాళ్ళు చెప్పారు, అన్నది. రేకు ఊడిపోతే అది కూర్చున్న గుంట రాతిలో మిగలాలి. ఆవిడ దగ్గరే ఉన్న ఆ రాతి ఫోటో పెద్దది చేసి చూశాను. గుంట లేదు. ఆ కొడుకు మార్జరీకి పుట్టినట్టు ఎక్కడ దొరికింది అని వంశాలవాళ్ళకు ఆవిడ తరఫున రాస్తే, తమ పరిశోధకుల అనుభవం మీద ఆధారపడి, అని జవాబు వచ్చింది. మా తాతకు ఇంగ్లీషు వచ్చి ఉంటే అలాగే రాసేవాడు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన నక్షా మీంచి తల ఎత్తలేదు. “నువ్వన్నది నిజమే అయ్యుంటుంది. ఆ నిజం ఏప్రిల్ దాకా ఆగదా?” అన్నాడు. ఆగేదే, క్రిస్మస్ పుస్తకం కింద నా పేరు అడక్కపోతే. కింది అంతస్తులో భీమవరం వైపు నుంచి వచ్చిన నర్సు ఉండేది, నన్ను అక్కా అని, మా ఆయన్ని బావగారూ అని పిలిచేది, నైట్ డ్యూటీ దిగి మా ఇంట్లో కాఫీ తాగి గాని పడుకునేది కాదు. ఆమె కాఫీ ఊదుకుంటూ, “అయినా అక్కా, నాకు తెలవక అడుగుతాను, దొరసాని ముత్తవ్వకి పిల్లలుంటే నీకేంటి, లేకపోతే నీకేంటి? ఆవిడకి పురుడు పోసిన మంత్రసానివా నువ్వు?” అన్నది. నవ్వాను. ఆమె నవ్వలేదు. “పిల్లదాని పరీక్షలు చూసుకో. ఆ మెకానికల్ ఇంజనీరు గారి భార్యను చూడు, దొరసాని వంశం చెట్టు బొమ్మకి జరీ అంచు పెట్టి ఫ్రేము కట్టించి ఇచ్చొచ్చిందట. ఆవిడకి తెలివి లేకనా?”

ఆ రెండు మూడు రోజులు నేను అందరినీ అనుమానించాను. మేనేజరు భార్యకు ఈ అతుకు సంగతి ముందే తెలుసా, తెలిసే భయపడే మనిషి సంతకం కోసం నన్ను పిలిచిందా? మా ఆయన ఆగమన్నది పిల్ల కోసమా, తన కోసమా? ఆఖరికి నన్ను నేనూ అనుమానించాను, ఇది సత్యం మీద ప్రేమా, మా తాత మీద మా నాన్న గెలవలేకపోయిన వాదం నేను గెలవాలన్న పంతమా అని. మా అమ్మాయిని అడిగితే, పుస్తకంలోంచి తల ఎత్తి, “నువ్వు సంతకం పెట్టకపోతే ఆవిడ కోప్పడుతుంది, పెడితే నువ్వు మా మీద ఏడాదంతా కోప్పడతావు, ఏదో ఒకటి తేల్చు” అంది. పద్దెనిమిది నిండని పిల్ల ఇచ్చిన తీర్పు అది. మా నాన్న మాట ఒకటే మిగిలింది. నమ్మనిదాని కింద పేరు పెట్టినవాడు ఆ తర్వాత నమ్మినదాని కింద పెట్టినా విలువ ఉండదు.

వెళ్ళి మేనేజరు భార్యకు చెప్పాను. టీ పోసింది, పాలు తానే కలిపింది. మార్జరీకి బిడ్డలు లేరని, ఆ కొడుకు తర్వాత ఎవరో తెచ్చి పెట్టినవాడని, మా ఇంట్లో ఈ పనే చేసి బతికినవాళ్ళున్నారు గనుక అతుకు ఎలా ఉంటుందో నాకు తెలుసని, మార్జరీ జీవితం ఎంత కావాలంటే అంత రాసిస్తాను గాని వంశవృక్షం కింద నా పేరు పెట్టనని చెప్పాను. ఆవిడ గోడ మీది బొమ్మను ఒకసారి చూసింది. తర్వాత, “ఈ నెలలో మావారి బల్ల మీద ఏ కాగితాలున్నాయో మీకు తెలుసు కదా?” అన్నది. తెలుసన్నాను. “తెలిసే వచ్చారన్నమాట” అని లేచి, కారు పిలిపించింది. అది బెదిరింపా, మెచ్చుకోలా? ఇన్నేళ్ళయినా ఆ గొంతును మనసులో ఎన్నిసార్లు తిప్పి విన్నా తేల్చుకోలేకపోయాను.

క్రిస్మస్ సెలవులు గడిచాయి. జనవరిలో నున్నటి కాగితం మీద అచ్చయిన పుస్తకం, కేకు ముక్కతో పాటు, కంపెనీలో అందరి ఇళ్ళకూ వచ్చింది. నేను రాసిన జున్నూ కషాయాలూ అన్నీ ఉన్నాయి. వంశవృక్షమూ ఉంది, లండను వెళ్ళిన కొడుకుతో సహా. ఆఖరి పుటలో నా పేరు లేదు. దాని బదులు ఒక వాక్యం ఉంది, ఈ వంశక్రమాన్ని అల్ ఖోబర్‌లోని ఒక చరిత్ర అధ్యాపకురాలు పరిశీలించారు, అని. ఆ పూటే ఆవిడకు ఉత్తరం రాశాను, ఆ వాక్యం అబద్ధమని, తీసేయాలని, పుచ్చుకున్న వాళ్ళందరికీ చెప్పాలని. మా ఆయన ఆ కవరు చేతిలో పట్టుకుని గుమ్మంలో ఆగాడు. “జాబితా ఇంకా బయటికి రాలేదు” అన్నాడు. తెలుసన్నాను. చెప్పులేసుకుని పట్టుకెళ్ళి ఇచ్చాడు. ఆ మనిషి నా కోసం చేసిన పెద్ద పనులలో అది మొదటిది. జవాబు రాలేదు.

వారం పది రోజులకు జాబితా వచ్చింది. మా ఆయన ఇకామాకు ఏడాది పొడిగింపు. ఫ్రేము కట్టించి ఇచ్చినావిడ భర్తకు ఫైనల్ ఎగ్జిట్, అంటే దేశం వదిలి పొమ్మని.

ఆవిడ వెళ్ళిపోయే ముందు మా ఇంటికి వచ్చింది. కుక్కరూ మిక్సీ అమ్మకానికి పెట్టాం చూస్తారా అని పలకరించి, కూర్చుని, అసలు మాట అడిగింది. “ఏం చేసి పట్టారండీ ఆవిణ్ణి? పోయేవాళ్ళం, మాకైనా చెప్పొచ్చుగా.” నేను ఉన్నదున్నట్టు చెప్పాను, ఆ చెట్టు తప్పని చెప్పానమ్మా, సంతకం పెట్టనన్నాను, అని. ఆవిడ సంచిలోంచి పుస్తకం తీసి ఆఖరి పుట తెరిచి నా ఒడిలో పెట్టింది. “చెప్పకపోతే పోనీండి, అబద్ధమెందుకు” అని లేచిపోయింది.

నన్ను నేను సమర్థించుకోవడానికి నా దగ్గర ఏముంది? నేను చూపగలిగిన ఉత్తరం మేనేజరు ఇంట్లో ఉంది, లేదా చెత్తబుట్టలో ఉంది. బిల్డింగ్‌లో వాళ్ళ చేతిలో అచ్చు పుస్తకం ఉంది, జాబితాలో మా ఆయన పేరు ఉంది. జీవితమంతా ఆధారం చూపించు అని మనుషుల్ని నిలదీసినదాన్ని, ఆధారాలన్నీ అబద్ధం పక్షాన నిలబడిన చోట నిలబడ్డాను. బిల్డింగ్‌లో డేక్షాలు రావడం ఆగిపోయింది. నర్సు మాత్రం వచ్చేది, ఒకరోజు కాఫీ తాగుతూ, “నేను నమ్ముతానక్కా, అంత తెలివితక్కువ పని నువ్వే చేస్తావు” అన్నది. అది చాలు అనుకున్నాను ఆ రోజుకు.

మా ఆయన తర్వాతెప్పుడో చెప్పాడు, పైపులైన్ల నక్షాలు గీసే సౌదీ కుర్రాడు దొరకలేదు గనుక తనను ఉంచారని, మేనేజరు తన భార్య పుస్తకాల సంగతి పట్టించుకునే రకమే కాదని. కావచ్చు. కాని ఒక్కోసారి అనిపిస్తుంది, ఆ పొడిగింపు నా ఉత్తరం నోరు మూయించడానికి ఇచ్చినదేమోనని. ఇంకోసారి అనిపిస్తుంది, ఆ కాంపౌండ్‌లో తనకు ఎదురుమాట చెప్పిన ఒకే ఒక్క మనిషిని ఆవిడే భర్తతో చెప్పి కాపాడిందేమోనని. ఏది నమ్మినా సౌఖ్యంగానే ఉంటుంది, అందుకే రెండూ నమ్మను. మా అమ్మాయి మార్చిలో పరీక్షలు రాసింది. ఆ వేసవిలో లెవీ మళ్ళీ పెరిగితే నేనూ పిల్లా వచ్చేశాం, మా ఆయన పొడిగింపులు దొరికినంతకాలం నలుగురితో కలిసి ఒక గదిలో ఇంకో రెండేళ్ళు ఉండి వచ్చాడు.

ఇప్పుడు నాకు మా తాత మీద కోపం తగ్గిపోయింది, దాని కారణం చెబుతాను. ఆయన వంశం చెప్పేది అరుగు మీద, నలుగురి మధ్య. ఆయన రాగం తీస్తుంటే వంటింటి గుమ్మంలోంచి ఏ ముసలమ్మో, “ఒరేయ్, మా పెద్దత్తకు పిల్లలెక్కడివిరా? ఆమె గొడ్రాలై పోతే నేనే కదా స్నానం చేయించాను” అని అడ్డుకునేది. అందరూ గొల్లున నవ్వేవాళ్ళు, ఆయన నాలుక్కరుచుకుని ఆ కొడుకును అక్కడికక్కడే వెనక్కి తీసుకునేవాడు. అబద్ధం చెప్పేవాడికి ఎదురుగా నిజం తెలిసినవాళ్ళు కూర్చునే రోజులవి. ఆ ముసలమ్మకు ఆయన జీతం ఇవ్వలేదు, ఇకామా ఇవ్వలేదు, ఆమె ఎవరికీ భయపడవలసిన పని లేదు. ఇవాళ పటాలు నున్నటి కాగితం మీద వస్తున్నాయి, గోడంత వెడల్పున వెలుగుతున్నాయి, వాటికి చప్పట్లు కొట్టేవాళ్ళంతా ఏదో ఒక విధంగా ఆ ఇంటివాళ్ళ మీద ఆధారపడినవాళ్ళు. పూర్వం కన్నా మనం ఎక్కువ చదువుకున్నాం, ఎక్కువ దేశాలు తిరిగాం, కాని ముఖం మీద కాదనగలిగే మనిషిని ఇంట్లో లేకుండా చేసుకున్నాం.

అందుకని మీరు ఒక పని చేయండి. మీ ఇంట్లో ఏ వంశచరిత్ర ఉన్నా, ఏ వృక్షం గోడకు వేలాడుతున్నా, దాన్ని మీ దగ్గర జీతం తీసుకునేవాళ్ళకు చూపించడం మానేయండి, మీ ఆస్తికి వారసులయ్యేవాళ్ళకు చూపించడం మానేయండి. మీ నుంచి ఏమీ అక్కర్లేని మనిషిని, మీరంటే సరిపడని మనిషిని ఒకరిని ఇంటికి పిలిచి, ఆ పటం ముందు కూర్చోబెట్టి, ఇందులో ఏది అబద్ధమో చెప్పమని అడగండి. చెప్పినది అక్కడే, వాళ్ళ ఎదుటే, కలంతో కొట్టేయండి.